కార్యాలయ భవనం – ఉద్యోగి క్షేమం

పాఠ్యాంశ పరిచయం

ఇది శాస్త్ర సంబంధమైన వ్యాసం. మానవుడు తన జీవితకాలంలో అధిక భాగాన్ని నాలుగు గోడల నడుమ గడుపుతున్నాడు. ఆ గోడల కూర్పు అతని శ్వాసను, చూపును, నిద్రను, మనస్సును ఏ విధంగా ప్రభావితం చేస్తుందో వివరించడం ఈ పాఠం ముఖ్యోద్దేశం. రేపటి ఉద్యోగులైన విద్యార్థులు తాము పనిచేసే చోటును వివేకంతో పరిశీలించగలగాలన్నది దీని ఆశయం.

పాఠ్యభాగం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నది తెలుగువారికి సుపరిచితమైన సామెత. ఇల్లు కట్టడంలోని కష్టం కట్టినవారికే తెలుస్తుందని దాని భావం. ఆ కష్టం వెనుక ఎంతో ఆలోచన కూడా దాగి ఉంటుంది. వంటింటి పొగ ఎటు పోవాలి, పడమటి ఎండ ఏ గోడపై పడుతుంది, ముసలివారి మంచం ఎక్కడ వేయాలి, రాత్రివేళ ఏ కిటికీ నుండి గాలి వీస్తుంది – ఈ సంగతులన్నీ ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించుకుంటారు. కాని అదే మనిషి రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముప్పై ఏళ్ళపాటు కూర్చుని పనిచేయవలసిన కార్యాలయాన్ని నిర్మించేటప్పుడు అతని అభిప్రాయాన్ని ఎవరూ అడగరు. కట్టించేవారు ఒకరు, కట్టేవారు మరొకరు, అందులో కూర్చునేవారు వేరొకరు. ఈ ముగ్గురి మధ్య మాట కలవకపోవడం వల్ల కలిగే అనర్థాలను కూర్చునేవారే అనుభవిస్తారు.

సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, కళ్ళమంట, గొంతు పొడిబారడం, కారణం తెలియని అలసట – ఇవి ఉద్యోగి బలహీనతలని చాలాకాలం భావించారు. భవనానికి, ఈ బాధలకు సంబంధం ఉన్నదని గుర్తించడానికి లోకానికి చాలా సమయం పట్టింది. ఆ గుర్తింపు వెనుక ఉన్న కథను తెలుసుకుందాం.

పూర్వపు కచేరీలు

విద్యుత్తు రాకముందు మన దేశంలో కట్టడాలన్నీ గాలివెలుతురులను ఆధారం చేసుకునే రూపుదిద్దుకున్నాయి. కోస్తా జిల్లాల మండువా లోగిళ్ళు ఇందుకు చక్కని ఉదాహరణ. ఇంటి నడుమ ఆకాశానికి తెరచి ఉన్న మండువా గుండా వేడెక్కిన గాలి పైకి పోతుంది. చుట్టూ ఉన్న వసారాల నీడలోని చల్లగాలి ఆ చోటును భర్తీ చేస్తుంది. పాతకాలపు కలెక్టరు కచేరీలలోను, న్యాయస్థానాలలోను కనిపించే మందపాటి గోడలు, ఎత్తయిన కప్పులు, వెడల్పైన వరండాలు, గోడపై భాగంలోని చిన్న కిటికీలు ఆడంబరం కోసం పెట్టినవి కావు. వేడి గాలి మనిషి తలకంటె చాలా ఎత్తుకు చేరి, పై కిటికీల గుండా బయటికి పోవడానికి ఆ ఏర్పాటు చేశారు. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారు. వాటి గుండా వచ్చే గాలి చల్లబడి సువాసనతో లోపలికి ప్రవేశించేది.

అయితే ఆ చల్లదనం అందరికీ సమానంగా అందినదని అనుకోరాదు. దొరగారి తలపై ఊగే పంకాను వరండాలో కూర్చున్న ఒక కూలీ గంటల తరబడి తాడుతో లాగుతూ ఉండేవాడు. ఒకరి సుఖం కోసం మరొకరు చెమటోడ్చిన కాలమది. పనిచేసే చోట సౌఖ్యం ఎవరికి దక్కుతున్నది, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అన్న ప్రశ్న ఆనాటి నుండి నేటివరకు మనలను వెంటాడుతూనే ఉన్నది.

యంత్రం తెచ్చిన మార్పు

1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి చిత్రమైన చిక్కు వచ్చింది. గాలిలోని తేమ వల్ల కాగితం ఉబ్బడం, కుంచించుకుపోవడం జరిగేది. అందువల్ల ఒక రంగుపై మరొక రంగు సరిగా కూర్చునేది కాదు. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు గాలిలోని తేమను అదుపు చేసే యంత్రాన్ని రూపొందించి ఈ చిక్కును తీర్చాడు. నేటి ఏసీలకు ఇదే నాంది. ఇందులో గమనించవలసిన విషయం ఏమంటే, ఆ చల్లదనం కాగితం కోసం పుట్టింది. మనిషి కోసం కాదు. మనిషి తరువాత వచ్చి దానిలో కూర్చున్నాడు.

మరి నాలుగేళ్ళకు, 1906లో, అమెరికాలోని బఫెలో నగరంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే వాస్తుశిల్పి లార్కిన్ సబ్బుల సంస్థకు కార్యాలయ భవనాన్ని నిర్మించాడు. పక్కనే రైలుబండ్ల పొగ ఉండడం వల్ల ఆయన కిటికీలను బిగించివేసి, శుద్ధి చేసి చల్లబరచిన గాలిని లోపలికి పంపే ఏర్పాటు చేశాడు. నడుమ అయిదంతస్తుల ఎత్తున ఒక విశాలమైన ప్రాంగణాన్ని విడిచిపెట్టి, పైకప్పు నుండి పగటి వెలుగు ప్రతి అంతస్తుకూ ప్రసరించేటట్లు చేశాడు. ఉద్యోగులకు భోజనశాల, గ్రంథాలయం కూడా కల్పించారు. ఇంత ఆలోచించిన ఆ భవనంలోనే కొన్ని కుర్చీలను బల్లలకు బిగించారు. నేల ఊడ్చడానికి అది అనుకూలమే గాని, కుర్చీని తన ఒంటికి తగినట్లు జరుపుకొనే స్వేచ్ఛ గుమాస్తాకు లేకపోయింది. గాలి విషయంలో మనిషిని తలచుకున్న శిల్పి కుర్చీ విషయంలో మరచిపోయాడు. 1950లో ఆ భవనాన్ని కూల్చివేశారు. అయినా కార్యాలయ నిర్మాణ చరిత్రలో దాని పేరు నిలిచి ఉన్నది.

ఏసీ, ట్యూబులైటు కలిసి వచ్చిన తరువాత భవనాల ఆకారమే మారిపోయింది. అంతకుముందు వెలుతురు చేరగలిగినంత దూరమే గది వెడల్పు ఉండేది. ఇప్పుడు ఎంత వెడల్పుగానైనా కట్టవచ్చును. కిటికీకి పది గజాల దూరంలోనూ బల్లలు వేయవచ్చును. ఫలితంగా కిటికీ పక్కన గదులు పెద్ద అధికారులకు, నడుమ చీకటి భాగం చిన్న ఉద్యోగులకు దక్కాయి. ఒకప్పుడు అందరికీ అందిన కిటికీ హోదాకు గుర్తయింది.

గాలి కరువు

1973లో ప్రపంచమంతటా చమురు సంక్షోభం తలెత్తింది. ఇంధనం ధర ఒక్కసారిగా పెరిగింది. బయటి గాలిని లోపలికి తెచ్చి చల్లబరచాలన్నా, వెచ్చబరచాలన్నా ఖర్చవుతుంది. అందుచేత లోపలి గాలినే తిప్పి తిప్పి వాడడం పొదుపుగా తోచింది. అంతవరకు అమెరికాలో ఒక్కొక్క మనిషికి నిమిషానికి సుమారు 15 ఘనపుటడుగుల బయటి గాలి అందాలన్న నియమం ఉండగా, దానిని 5 ఘనపుటడుగులకు తగ్గించారు. గోడల సందులు పూడ్చారు. తెరవడానికి వీలులేని అద్దాలు బిగించారు.

ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే అనేక దేశాల కార్యాలయాల నుండి ఒకే విధమైన ఫిర్యాదులు రాసాగాయి. తలనొప్పి, ముక్కు దిబ్బడ, కళ్ళమంట, చర్మం పొడిబారడం, మగత, ఏకాగ్రత లోపించడం – ఇవి ఆ ఫిర్యాదుల సారాంశం. వైద్యుడు పరీక్షిస్తే ఏ రోగమూ కనబడదు. భవనం విడిచి బయటికి వచ్చిన కొంతసేపటికి బాధలు వాటంతట అవే తగ్గిపోతాయి. మరునాడు బల్ల ముందు కూర్చోగానే మళ్ళీ మొదలవుతాయి. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లక్షణాలను క్రోడీకరించింది. ఈ స్థితికి ‘సిక్ బిల్డింగ్ సిండ్రోమ్’ అని పేరు వచ్చింది. రోగం మనిషిది కాదు, భవనానిది అని ఆ పేరే చెబుతున్నది. కొత్తగా కట్టిన, మరమ్మతు చేసిన భవనాలలో 30 శాతం వరకు ఇటువంటి ఫిర్యాదులకు గురికావచ్చునని 1984లో ఆ సంస్థ నియమించిన సంఘం అంచనా వేసింది.

ఇందుకు కారణాలు అనేకం. మనుషులు విడిచే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం ఒకటి. కొత్త తివాచీలు, రంగులు, జిగురులు, ప్లైవుడ్ బల్లల నుండి వెలువడే రసాయన ఆవిరులు రెండవది. శుభ్రపరచని గాలి గొట్టాలలో పెరిగే బూజు మూడవది. తప్పు తెలిసిన తరువాత 1989లో అమెరికా ఇంజనీర్ల సంఘం కార్యాలయాలలో ఒక్కొక్కరికి అందవలసిన గాలిని 20 ఘనపుటడుగులకు పెంచింది.

మంచి గాలి సుఖాన్ని మాత్రమే కాక ఆలోచనాశక్తిని కూడా పెంచుతుందని ఆ తరువాతి పరిశోధనలు సూచించాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 24 మంది ఉద్యోగులను ఆరు రోజులపాటు ఒక ప్రత్యేక కార్యాలయంలో పనిచేయించి, గాలి స్థితిని వారికి తెలియకుండా మారుస్తూ పోయారు. ప్రతి సాయంత్రం వారి నిర్ణయశక్తిని పరీక్షించారు. సాధారణ భవనంలోని గాలితో పోలిస్తే రసాయన ఆవిరులు తక్కువగా ఉన్న రోజున వారి సగటు గణన 61 శాతం అధికంగా ఉన్నది. వాటితోపాటు బయటి గాలిని కూడా పెంచిన రోజులలో అది రెట్టింపయింది. 2016లో ప్రచురితమైన ఈ పరిశోధనలో పాల్గొన్నవారి సంఖ్య చిన్నదే. అయినా ఊపిరికి, ఊహకు గల సంబంధాన్ని అది లోకం దృష్టికి తెచ్చింది. 2020 నాటి కోవిడ్ మహమ్మారి గాలి రాని గదులు ఎంత ప్రమాదకరమో ప్రపంచానికి మరొకసారి బోధించింది.

చల్లదనం ఎవరి కొలత?

కార్యాలయంలో ఎంత చల్లదనం ఉండాలి? ఈ ప్రశ్నకు డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఓలే ఫాంగర్ 1970లో గణిత సూత్రం రూపంలో సమాధానం చెప్పాడు. గాలి వేడిమి, తేమ, గాలి వేగం, గోడల వేడిమి, ధరించిన దుస్తులు, చేసే పని – ఈ ఆరింటిపై మనిషి సౌఖ్యం ఆధారపడుతుందని ఆయన నిరూపించాడు. ఎంత చక్కగా అమర్చినా కనీసం నూటికి అయిదుగురు అసంతృప్తితో ఉంటారని కూడా ఆయన లెక్క తేల్చాడు. అందరికీ నచ్చే చల్లదనం ఒకటి లేదని దీని సారాంశం.

ఫాంగర్ సూత్రాన్ని ఆధారం చేసుకుని ఏర్పడిన ప్రమాణాలలో ఒక లోపం ఉన్నది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరం ఎంత వేడిని పుట్టిస్తుందో లెక్కించడానికి 40 ఏళ్ళ వయస్సు, 70 కిలోల బరువు గల పురుషుని ఆధారంగా తీసుకున్నారు. స్త్రీల శరీరం సాధారణంగా అంతకంటె తక్కువ వేడిని పుట్టిస్తుంది. ఈ ప్రమాణం స్త్రీల విషయంలో 35 శాతం వరకు ఎక్కువగా లెక్క వేస్తున్నదని 2015లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఏసీ గదిలో పురుషులు హాయిగా ఉండగా, మహిళా ఉద్యోగులు శాలువ కప్పుకుని కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాం. అది వారి సుకుమారత్వం కాదు, కొలతలోని పక్షపాతం.

మరొక లోపం దేశకాలాలకు సంబంధించినది. చలిదేశపు వారిని పరీక్షించి నిర్ణయించిన వేడిమిని ఉష్ణదేశాలకు యథాతథంగా అన్వయించడం న్యాయం కాదు. మండే ఎండలో పెరిగిన మనిషి 28 డిగ్రీల వద్ద కూడా పంకా తిరుగుతుంటే హాయిగా ఉండగలడు. శరీరం, అలవాటు, దుస్తులు ఋతువును అనుసరించి సర్దుకుంటాయి. ఈ సంగతిని శాస్త్రీయంగా నిర్ధారించడానికి అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దేశంలోని అయిదు నగరాల కార్యాలయాలలో ఉద్యోగుల అభిప్రాయాలు సేకరించి, 2014లో మన దేశానికి తగిన కొలతను ప్రతిపాదించారు. 2016 జాతీయ భవన నియమావళిలో దానికి స్థానం లభించింది. 2020 జనవరి 1 నుండి నక్షత్రపు గుర్తు గల గది ఏసీలన్నింటిలోను తయారీలోనే 24 డిగ్రీలను నిర్ణయించి ఉంచాలన్న ప్రభుత్వ నియమం కూడా అమలులోకి వచ్చింది. ఇది విద్యుత్తుకు పొదుపు, ఒంటికి మేలు.

వెలుతురు – కిటికీ – చూపు

వెలుతురు కంటికి మాత్రమే అవసరమని పూర్వం అనుకునేవారు. కంటిలో చూపుతో నిమిత్తం లేకుండా పగలు రాత్రుల భేదాన్ని మెదడుకు తెలియజేసే ప్రత్యేక కణాలు ఉన్నాయని 2002లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు మారే వెలుగును బట్టి మన శరీరంలోని గడియారం నడుస్తుంది. పగలంతా మందకొడి దీపాల కింద గడిపేవారికి, రాత్రంతా తీక్ష్ణమైన దీపాల కింద మేలుకునేవారికి ఆ గడియారం గతి తప్పుతుంది. నిద్ర చెడుతుంది. సముద్రాల ఆవలి దేశాల పనివేళలకు అనుగుణంగా హైదరాబాదులో రాత్రి ఉద్యోగాలు చేస్తున్న వేలాది యువతీయువకులకు ఇది పుస్తకంలోని మాట కాదు, నిత్యానుభవం.

కిటికీ వెలుతురుతోపాటు దృశ్యాన్ని కూడా ఇస్తుంది. రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆసుపత్రి ఒకదానిలో శస్త్రచికిత్స పొందిన రోగుల వివరాలను పరిశీలించి 1984లో ప్రకటించాడు. 23 మంది రోగుల కిటికీ నుండి చెట్లు కనిపించేవి. మరి 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లను చూసినవారు త్వరగా ఇంటికి వెళ్ళారు. ఘాటైన నొప్పి మందులు తక్కువగా వాడారు. ఇది ఆసుపత్రి సంగతే అయినా, కార్యాలయ శిల్పులకు కూడా కనువిప్పు అయింది. రోజంతా కంప్యూటరు తెరకు అతుక్కుపోయే కళ్ళు నడుమ నడుమ దూరపు వస్తువులను చూస్తే కంటి కండరాలు సేద తీరుతాయి. దూరం కనిపించాలంటే కిటికీ ఉండాలి.

గోడలు లేని గదులు

శబ్దం మరొక సమస్య. 1950ల చివరలో జర్మనీలో ఎబర్‌హార్డ్, వూల్ఫ్‌గాంగ్ ష్నెల్ సోదరులు అడ్డుగోడలు తొలగించి, మొక్కలు అమర్చి, అధికారులు, గుమాస్తాలు ఒకే విశాలమైన హాలులో కలిసి పనిచేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. హోదాల అంతరాన్ని తగ్గించాలన్నది వారి సదుద్దేశం. 1960లలో అమెరికాకు చెందిన రాబర్ట్ ప్రోప్‌స్ట్ ఉద్యోగి తన అవసరానికి తగినట్లు మార్చుకోగల బల్లలు, తెరలు రూపొందించాడు. వ్యాపార సంస్థలు ఆ తెరలను తక్కువ చోటులో ఎక్కువ మందిని ఇరికించడానికి వాడుకున్నాయి. స్వేచ్ఛ కోసం పుట్టిన తెర చివరికి ఇరుకు గడిగా మారింది. తన ఊహకు పట్టిన ఈ గతికి ప్రోప్‌స్ట్ తరువాతి కాలంలో ఎంతో బాధపడ్డాడు.

గోడలు తీసివేస్తే మనుషులు దగ్గరవుతారన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాలేదు. 2018లో బెర్న్‌స్టీన్, టర్బన్ అనే పరిశోధకులు రెండు పెద్ద సంస్థల కార్యాలయాలను గోడలు తొలగించక ముందు, తొలగించిన తరువాత పరిశీలించారు. ముఖాముఖి సంభాషణ సుమారు 70 శాతం తగ్గిపోయింది, ఈ–మెయిళ్ళు పెరిగాయి. అందరి కళ్ళూ తనపై ఉన్నాయన్న భావన కలిగినప్పుడు మనిషి చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని తనలోకి తాను ముడుచుకుంటాడు. యంత్రాల రొదకంటె పక్కవారి మాటలే మనస్సును ఎక్కువగా చెదరగొడతాయి. ఎందుకనగా రొదకు అర్థం లేదు. మాటకు అర్థం ఉన్నది. అర్థమయ్యే మాటను మెదడు వినకుండా ఉండలేదు.

ఇందుకు విరుగుడు నాలుగు గోడల మధ్య బంధించడం కాదు. నెదర్లాండ్స్‌లోని ఆపెల్‌డోర్న్ పట్టణంలో 1972లో హెర్మన్ హెర్ట్స్‌బెర్గర్ ఒక బీమా సంస్థకు కట్టిన భవనం మధ్యేమార్గాన్ని చూపింది. ఆ భవనం చిన్న చిన్న చదరపు వేదికల సముదాయం. ఒక్కొక్క వేదికపై కొద్దిమంది కూర్చుంటారు. శిల్పి కావాలనే దానిని అసంపూర్ణంగా విడిచిపెట్టాడు. ఉద్యోగులు తమకు నచ్చిన మొక్కలు, బొమ్మలు, పటాలు తెచ్చి దానిని తమ చోటుగా మలచుకోవాలన్నది ఆయన ఆశయం. తన చుట్టూ ఉన్న పరిసరాలపై కొంతయినా అధికారం ఉన్నప్పుడే మనిషి స్థిమితంగా పనిచేయగలడని ఆయన గ్రహించాడు. కిటికీ తెరవగలగడం, దీపం ఆర్పగలగడం, కుర్చీ ఎత్తు సవరించుకోగలగడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కాని ఆ చిన్న అధికారాలే ఉద్యోగి గౌరవాన్ని నిలబెడతాయి.

మన ముంగిట రెండు ఉదాహరణలు

హైదరాబాదులో హైటెక్ సిటీ సమీపాన భారత పరిశ్రమల సమాఖ్య వారి సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం ఉన్నది. 2004 జూలై 14న ఆనాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. అమెరికా వెలుపల ‘లీడ్’ అత్యున్నత శ్రేణి గుర్తింపును పొందిన తొలి భవనం ఇది. దాని వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. సుమారు 20,000 చదరపు అడుగుల ఈ వలయాకార భవనం నడుమ ముంగిలి ఉన్నది. అంటే మన మండువా కొత్త రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. పగటిపూట అత్యధిక భాగంలో దీపాలు వేయనవసరం లేదు. గాలి బురుజులు బయటి గాలిని ముందుగా కొంత చల్లబరచి లోపలికి పంపుతాయి. రాతి జాలీలు ఎండను వడకట్టి వెలుగును మాత్రం అనుమతిస్తాయి. పైకప్పుపై పెంచిన పచ్చిక వేడిని అడ్డుకుంటుంది.

రెండవ ఉదాహరణ పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణం. 2011లో అక్కడ ఒక భవనాన్ని సరిసమానమైన రెండు భాగాలుగా కట్టారు. ఒక భాగాన్ని మామూలు ఏసీ గాలితోను, రెండవ భాగాన్ని కాంక్రీటు కప్పులో అమర్చిన గొట్టాలలో ప్రవహించే చల్లని నీటితోను చల్లబరచారు. చల్లబడిన కప్పు మనుషుల నుండి, యంత్రాల నుండి వెలువడే వేడిని నిశ్శబ్దంగా పీల్చుకుంటుంది. చల్లదనం బాధ్యతను కప్పు స్వీకరించడం వల్ల గాలి గొట్టాల పని తాజా గాలిని అందించడమే అయింది. లోపలి గాలిని తిప్పి తిప్పి వాడవలసిన అవసరం తప్పింది. రెండవ భాగం సుమారు 34 శాతం తక్కువ విద్యుత్తును వాడినట్లు లెక్కలు తేల్చాయి. పొదుపు కోసం గాలిని కోసివేసిన 1973 నాటి మార్గమొక్కటే శరణ్యం కాదని, పొదుపును, మనిషి క్షేమాన్ని కలిపి సాధించవచ్చునని ఈ భవనం నిరూపించింది.

లెక్క – న్యాయం

ఇంత శ్రద్ధకు ఖర్చు ఎక్కువ కాదా అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రపంచ హరిత భవన మండలి 2014 నివేదిక ప్రకారం ఒక సంస్థ నిర్వహణ ఖర్చులో సుమారు 90 శాతం సిబ్బంది జీతభత్యాలకే పోతుంది. అద్దె, విద్యుత్తు కలిసినా మిగిలిన కొద్ది శాతమే. ఆ కొద్దిలో మిగుల్చుకోబోయి తొంభై శాతాన్ని తలనొప్పికి, నిద్రమత్తుకు బలిచేయడం వివేకం కాదు. మినుములు పోయినా లెక్కపెట్టక ఆవాలకు ఆరాటపడడం వంటిది అది.

అయితే లాభనష్టాల లెక్క ఒక్కటే చాలదు. అద్దాల మేడలో పై అంతస్తున కూర్చున్నవారి సౌఖ్యం గురించి ఎన్నో పరిశోధనలు జరుగుతున్నాయి. అదే మేడ గుమ్మం ముందు ఎండలో నిలబడే కాపలాదారుకు ఒక నీడ, ఒక కుర్చీ ఉన్నాయా? నేలమాళిగలో వాహనాల పొగ నడుమ పనిచేసేవారికి గాలి అందుతున్నదా? నేల తుడిచే తల్లికి మధ్యాహ్నం అన్నం తినడానికి ఒక చోటు ఉన్నదా? పంకా తాడు లాగిన కూలీ నేడు కనిపించకపోవచ్చును. అతని స్థానం మాత్రం ఇంకా ఖాళీ కాలేదు. వారందరూ కూడా ఆ భవనంలో ఉద్యోగులే. భవనం మంచిచెడులను నిర్ణయించవలసినది దాని ముఖద్వారం అందాన్ని బట్టి కాదు. అందులో కడపటి మనిషి సాయంత్రం ఇంటికి ఏ స్థితిలో చేరుతున్నాడన్న దానిని బట్టి.

విద్యార్థులు ఈ పరిశీలనను తమ తరగతి గది నుండే ప్రారంభించవచ్చును. చివరి బల్లపై కూర్చున్నవారికి నల్లబల్ల మెరుపు లేకుండా కనిపిస్తున్నదా? గాలి ఒక కిటికీ నుండి వచ్చి ఎదుటి కిటికీ గుండా పోతున్నదా? మధ్యాహ్నపు మగతకు కారణం భోజనమా, మూసి ఉన్న కిటికీలా? గమనించాలి, కారణం వెదకాలి, మర్యాదగా అడగాలి. రేపు వీరిలో కొందరు భవనాలు కడతారు, కొందరు కట్టిస్తారు, ఎక్కువమంది వాటిలో పనిచేస్తారు. భవనం మాట్లాడదు, అందులోని మనిషి మాట్లాడాలి. ఆ మాటను కట్టేవారు, కట్టించేవారు చెవినిపెట్టిన నాడే కార్యాలయం కార్యానికి నిజమైన ఆలయమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

అనర్థం = కీడు
కచేరీ = ప్రభుత్వ కార్యాలయం
నాంది = ప్రారంభం
ప్రాంగణం = ముంగిలి, ఆవరణ
క్రోడీకరించు = ఒకచోట చేర్చు
మూల్యం = వెల
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
కనువిప్పు = తెలివిడి, జ్ఞానోదయం
నేలమాళిగ = భూమి లోపలి గది
కడపటి = చివరి

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కార్యాలయాలలో గాలి కరువు ఏర్పడడానికి కారణాలను, దాని ఫలితాలను వివరించండి.
2. హైదరాబాదు పరిసరాలలోని రెండు భవనాల ద్వారా రచయిత నిరూపించిన విషయాలను తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పూర్వపు కచేరీలలో చల్లదనానికి చేసిన ఏర్పాట్లు ఏవి?
2. చల్లదనం కొలతలోని రెండు లోపాలను పేర్కొనండి.
3. ఆపెల్‌డోర్న్ భవనం ప్రత్యేకత ఏమిటి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. విల్లిస్ కారియర్ తన యంత్రాన్ని ఎవరి కోసం రూపొందించాడు?
2. లార్కిన్ భవనంలో కిటికీలను ఎందుకు బిగించారు?
3. యంత్రాల రొదకంటె పక్కవారి మాటలు మనస్సును ఎక్కువగా ఎందుకు చెదరగొడతాయి?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఆ చల్లదనం కాగితం కోసం పుట్టింది.
2. కిటికీ హోదాకు గుర్తయింది.
3. భవనం మాట్లాడదు, అందులోని మనిషి మాట్లాడాలి.

V. సంధులు
కార్యాలయం = కార్య + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణ సంధి
అత్యున్నత = అతి + ఉన్నత – యణాదేశ సంధి
ఏమంటే = ఏమి + అంటే – ఇకార సంధి
వారందరూ = వారు + అందరూ – ఉకార సంధి

VI. సమాసాలు
గాలివెలుతురులు = గాలియును, వెలుతురును – ద్వంద్వ సమాసం
నాలుగు గోడలు = నాలుగు సంఖ్య గల గోడలు – ద్విగు సమాసం
చల్లగాలి = చల్లనైన గాలి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నిర్ణయశక్తి = నిర్ణయం యొక్క శక్తి – షష్ఠీ తత్పురుష సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ఊరిలోని ఒక కార్యాలయాన్ని గాని, బ్యాంకును గాని సందర్శించి, అక్కడి గాలి, వెలుతురు, శబ్దం, కూర్చునే ఏర్పాట్లను పరిశీలించండి. అక్కడ పనిచేసే ఇద్దరి అభిప్రాయాలు తెలుసుకుని, మీ సూచనలతో ఒక నివేదిక రాయండి.